అమ్మ ఎదురొచ్చిన రోజు

ఆ వేసవిలో తమ్ముడు సెలవు పెట్టి వచ్చింది మామిడి కోతకే. వాడు నేవీలో నావికుడు, ఉండేది విశాఖలో. ఆగిరిపల్లి దగ్గర మా తోటలో సగం చెట్లు కోసేసరికి సరిహద్దుల్లో పరిస్థితి ముదిరింది. టీవీ వాళ్లు యుద్ధం వచ్చేసినట్టే అరుస్తున్నారు. వాడు చిక్కం కట్టిన గెడతో రసాలు దింపుతుండగా ఫోను మోగింది. సెలవులో ఉన్నవాళ్లందరూ వెంటనే డ్యూటీలో చేరాలట. రేపు పొద్దున్నకల్లా ఓడ దగ్గర ఉండాలట. వాడు గెడ పక్కన పెట్టి ఇంటికొచ్చాడు.

నాకు భయం వేస్తే కోపం వస్తుంది. బ్యాగు సర్దుతూ కనబడిన ప్రతివాళ్ల మీదా అరిచాను. అమ్మ మాత్రం వాడికి అన్నం పెట్టి, తల నిమిరి, వెనక వసారాలోకి వెళ్లి కూర్చుంది.

నాన్న పోయినప్పటినుంచి అమ్మ అంతే. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా వాళ్లకి కనబడదు. భర్త పోయిన ఆడది ఎదురొస్తే అరిష్టమని అప్పుడెవరో చుట్టం అన్నారు, ఈవిడ గట్టిగా పట్టుకుంది. ఊళ్లో చాలామంది ఆ పట్టింపు వదిలేశారు. అమ్మతో పోట్లాడి పోట్లాడి నేనే అలసిపోయాను. అందుకని గేటు దగ్గర ఎదురొచ్చే పని ఎప్పుడూ నాదే.

ఆ రోజూ గేటు బయట సిద్ధంగా నిలబడ్డాను. వాడు హనుమాన్ జంక్షన్‌లో విశాఖ బస్సు అందుకోవాలి. ఆటో వచ్చి ఆగింది. తమ్ముడు గుమ్మంలో బ్యాగు పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు.

"అమ్మ ఎదురొస్తేనే వెళ్తానక్కా," అన్నాడు.

వసారాలోకి పరిగెత్తాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. వాడు సముద్రం మీదకి వెళ్తున్నాడు, ఈ ఒక్కసారికి నన్నడగొద్దు అంది. టైముకి చేరకపోతే వాడికి శిక్ష పడుతుందని చెప్పాను. బయట ఆటో హారన్ మోగుతూనే ఉంది. మొండితనంలో తల్లీకొడుకులు ఒకరికొకరు తీసిపోరు, మధ్యలో నా ప్రాణం పోతోంది.

చివరికి అమ్మ లేచింది. పెరటి దారిన బయటికెళ్లి, సందు చుట్టి తిరిగి, వీధిలోంచి మా గేటు వైపు నడిచి వచ్చింది. కళ్లు నేల మీదనుంచి ఎత్తలేదు. తమ్ముడు ఎదురెళ్లి కాళ్లకి దణ్ణం పెట్టి, వెళ్లొస్తానమ్మా అని ఆటో ఎక్కాడు.

ఆ తర్వాత వాడి ఫోను పలకలేదు. ఓడలో ఉంటే అంతేనని అమ్మకి సర్దిచెప్పాను గానీ నాకూ ముద్ద దిగలేదు. చేజేతులా చేశానని అమ్మ తనని తాను తిట్టుకుంటూ కూర్చునేది. మిగిలిన కోత నేనే దగ్గరుండి చేయించాను.

పరిస్థితి చల్లబడ్డాక ఒక మధ్యాహ్నం వాడి ఫోను వచ్చింది. నేను స్పీకరు పెట్టగానే అమ్మ ఫోను లాక్కుంది.

"నా వల్ల నీకేం కాలేదుగా నాయనా?"

"నిన్ను చూసి బయల్దేరాను కాబట్టే ధైర్యంగా ఉన్నానమ్మా. ఇన్నేళ్లూ ఎవరూ లేనివాడిలా వెళ్లేవాణ్ని."

ఇన్నేళ్లూ గేటు దగ్గర నిలబడింది నేను. నిజానికి నొచ్చుకోవాలి. నొచ్చుకోలేదు. అమ్మ ఫోను నా చేతిలో పెట్టేసి, నాన్న పోయిన రోజు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది.