పాకాల నుంచి కౌలాలంపూర్‌కు రెండు గుండ్లు

విమానంలో పైలట్ పక్కన కూర్చుని పోయానని పాకాల స్టేషను ముందున్న టీ కొట్టులో చెప్పాను. నిజానికి నా సీటు మరుగుదొడ్డి పక్కన. పసిబిడ్డతో ఇదే దారిన పోదలచుకున్న వాళ్ళు దీన్ని చదవచ్చు గనుక, ఇక్కడ ఎక్కడైనా గొప్పలు కొట్టుకుంటే వెంటనే నేనే తీసేస్తాను.

ఈ ప్రయాణం మా అల్లుడు మురళి వల్ల వచ్చింది. అతనికి శ్రీ సిటీలో యంత్రాలు బాగుచేసే ఉద్యోగం. కంపెనీవాళ్ళు మూడు వారాల శిక్షణకు మలేషియా పొమ్మన్నారు. అప్పటికి మూడు నెలల ముందే అతనూ మా అమ్మాయి సునందా ఒక పాపను దత్తత తెచ్చుకున్నారు. పేరు వెన్నెల. ఏడాది నిండింది, పట్టుకుని నిలబడుతుంది, ఇంకా నడవదు. ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న బిడ్డ. వదిలి పోలేనని మురళి, సత్యవేడులో ఒంటరిగా ఉండలేనని సునంద.

మా ఆవిడ రాజమ్మే తీర్పు చెప్పింది. "అందురూ పోండి. ఈయన్ని గూడా తోడుకోని పోండి. ఈయన కత సెప్పందే ఆ బిడ్డ నిద్రపోదు. నాకూ ఈడ రవంత నిమ్మళంగా ఉంటాది."

ఒక షరతు మాత్రం పెట్టింది. కొండకు మొక్కిన పుట్టువెంట్రుకలు నెత్తిన పెట్టుకుని బిడ్డ సముద్రం దాటకూడదు. ముందు తిరుమల, తర్వాతే మలేషియా. పాస్‌పోర్టు అప్పటికే ఇంట్లో ఉంది. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున ఏడు దాటాక పాకాలలో రైలెక్కాము. ఎదురుగా పూలబుట్టతో ఒకామె కూర్చుంది. పాప బుగ్గ గిల్లి, "బలే ముద్దుగా ఉండాదే! ఎవురి పోలిక?" అంది.

సునంద కిటికీలోంచి బయటికి చూసింది. మురళి చెప్పులు సర్దుకున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. గొప్పలు చెప్పేముందు నాకు అది అలవాటు.

"మా అవ్వ పోలికమ్మా. ఇదే ముక్కు, ఇదే నుదురు. భాకరాపేట కనుమలో చిరుతపులిని రోకలితో తరిమింది."

"అట్నా!" అని ఆమె నోరు తెరిచింది. మా అవ్వ పిల్లిని చూసినా తలుపేసుకునేది.

ఆమె చంద్రగిరిలో దిగేదాకా ఓపిక పట్టి, సునంద నా వైపు తిరిగింది. "ఎందుకు నాయనా? ఈ బిడ్డ యాడినించి వచ్చిందో దానికి ఎరిక తెలిసినప్పటినించీ సెప్పల్లని అనుకుంటా ఉండాము. నువ్వేమో పులులూ రోకళ్ళూ కడతావు. రేపు మేం నిజం సెప్తే, అది గూడా కతే అనుకుంటే?"

"పాప విషయంలో ఇంక ఒక్క అబద్దం గూడా సెప్పనమ్మణ్ణీ" అన్నాను.

"నువ్వా!" అంది సునంద.

తిరుపతిలో బస్సు మారి కొండెక్కాము. బిడ్డకు తొలి గుండు మేనమామ ఒడిలో చేయించాలి. సునందకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఆ ఒడి నాదే అయింది. కల్యాణకట్టలో నీళ్ళు తలమీద పడగానే వెన్నెల అరుపు గోపురం దాకా వినిపించింది. మరీ గోపురం దాకా కాదులెండి, పక్క హాలు దాకా. కత్తి పట్టినతను ఆగిపోయాడు. ఏమీ తోచక నా తల ముందుకు వంచాను. "ముందు నాకు కొట్టప్పా."

నా జుట్టు కింద పడుతుంటే పాప ఏడుపు ఆపి చూసింది. పూర్తయ్యాక తడి గుండు మీద రెండు దెబ్బలు వేసి నవ్వింది. తర్వాత తన తల ఇచ్చింది. ఇద్దరమూ గంధం పూయించుకున్నాము. ముప్పై ఏళ్ళ నాటి మొక్కు తీర్చుకున్నానని కొండ మీద కనిపించిన వాళ్ళందరికీ చెప్పాను. నాకు ఏ మొక్కూ లేదు.

సాయంత్రం తిరుపతి లాడ్జిలో సంచులు సర్దుతూ మురళి పాస్‌పోర్టు తెరిచాడు. చాలాసేపు మూయలేదు.

"మామా, ఈ పోటోలో ఉండే పాప యాడుండాది?"

ఫోటోలో చెవులు కప్పేంత ఉంగరాల జుట్టు. మంచం మీద కోడిగుడ్డు లాంటి తల. నాకు నవ్వొచ్చింది గాని, సునంద ముఖం చూసి మింగేశాను.

"మన పోలికా లేదు, పోటోలో పోలికా లేదు" అంది మెల్లగా. "ఎవురి బిడ్డని ఎత్తకపోతా ఉండారని పక్కన నిలబెడితే ఏం సెయ్యాల? నాయనా, నువ్వు మాత్రం ఆడ నోరు తెరవద్దు."

మర్నాడు తెల్లవారగానే చెన్నై బస్సెక్కాము. నాలుగు గంటల పైన పట్టింది. దారిలో పుత్తూరు దగ్గర ఇడ్లీ తిన్నది నేనొక్కడినే. విమానాశ్రయంలో పాలసీసాను ఒకసారి చూసి వదిలేశారు. పసిబిడ్డల పాలకు అభ్యంతరం లేదు. దత్తత ఉత్తర్వును మాత్రం పెట్టె అడుగున పెట్టకండి. సునంద దాన్ని చేతిలోనే పట్టుకుంది.

దేశం దాటించే అధికారి ముందు మమ్మల్ని అరగంట నిలబెట్టి, ముగ్గురు చుట్టుముట్టి విచారించారని టీ కొట్టులో చెప్పాను. అధికారి ఒక్కడే. జరిగింది నాలుగైదు మాటలు. సునందకు అరగంట కన్నా ఎక్కువే అనిపించి ఉంటుంది.

అతను ఫోటో చూశాడు, పాపను చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. సునంద ఉత్తర్వు ముందుకు జరిపింది. అతను దాన్ని చదివి, మురళిని దాటి, తలకు తువ్వాలు చుట్టుకుని పాపను ఎత్తుకున్న నన్ను చూశాడు.

"తాతా, ఈ పిల్ల మీకు ఏమవుతుంది?" అన్నాడు అరవం కలిసిన తెలుగులో.

అలవాటుగా గొంతు సవరించుకున్నాను. మురళి కళ్ళు మూసుకున్నాడు. మా అవ్వ రోకలితో సహా నాలుక చివరిదాకా వచ్చింది. సునంద నావైపే చూస్తోంది.

"నా మనవరాలు సామీ. దత్తతకు వచ్చి మూడు నెలలాయ. మొన్న నేనూ ఆమే కొండన గుండు కొట్టించుకున్నాము. పోటోలో జుట్టుండాదని మాకెవురికీ తట్టలా." అని తువ్వాలు తీశాను.

గంధం ఎండిన రెండు గుండ్లు. తనకు తెలిసిన తల కనిపించగానే వెన్నెల దానిమీద టపటపా కొట్టింది. అతను నవ్వాడు. "తిరుపతి మొట్టైయా! మా ఇంట్లో కూడా ఇదే పని చేస్తారు" అని ముద్ర వేశాడు. గుండు కొట్టించింది మొన్న కాదు, నిన్న. కంగారులో ఆ ఒక్క రోజూ పెరిగింది.

విమానం లేచేటప్పుడు చెవులు నొప్పి పుట్టకుండా పాపకు పాలు పట్టాలని టీకాలు వేసే నర్సు ముందే చెప్పింది. పట్టాము, ఏడవలేదు. నాకు పట్టేవాళ్ళు లేక చెవులు మూసుకున్నాను. నాలుగు గంటల్లో కౌలాలంపూర్.

కంపెనీవాళ్ళు బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో గది ఇచ్చారు. ఇరవయ్యో అంతస్తని చెప్పుకున్నాను, రెండోది. కింద హోటల్లో పొద్దున పొరలు పొరలుగా ఉండే రోటీ చనాయ్, పప్పు పులుసు. టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి మూరెడు పైనుంచి పోస్తారు. వెన్నెల ఆ ధారనే చూస్తూ తినేది. ఆ బల్లల మధ్యే, కుర్చీలు పట్టుకుని, ఒకరోజు పట్టుకోకుండా, నడక నేర్చింది.

హోటల్ గల్లాలో కూర్చునే పెద్దామెకు తెలుగు వచ్చు. ఆమె తాతలు రబ్బరు తోటల పనికి వచ్చారట. పాపను చూసి ఆమె అడిగిన మొదటి మాట, "ఎవరి పోలికమ్మా?"

సముద్రం దాటినా అదే ప్రశ్న. నేను రొట్టెలో తల దూర్చాను. ఈసారి సునంద కిటికీ వెతుక్కోలేదు.

"దత్తత తెచ్చుకున్నామమ్మా. ఎవురి పోలిక వస్తాదో మేమూ సూస్తా ఉండాము."

"చూడండి, చూడండి. అది తొందరగా తెలియదు" అని ఆమె పాప చేతిలో అరటిపండు పెట్టింది. ఆ మూడు వారాల్లో ఎత్తైన జంట భవనాలు, గుహలో స్వామి, గాలిలో పోయే రైలు చూశాము. నాకు మాత్రం ఆ అరటిపండే బాగా గుర్తుంది.

తిరుగు ప్రయాణంలో చెన్నై నుంచి కాట్పాడి వచ్చి, అక్కడ తిరుపతి పాసింజరు పట్టుకున్నాము. మా ఇద్దరి తలలమీదా మొలకలు వచ్చాయి. పాపవి నలుపు, నావి తెలుపు. గుండ్ల పోలిక అక్కడితో అయిపోయిందని కొంచెం దిగులుగానే ఉంది.

చిత్తూరులో చింతకాయల సంచితో ఒకామె ఎక్కి, పాపను చూసి, ఇంకేం అడుగుతుంది! "ఎవురి పోలిక బిడ్డ?"

నేను నోరు గట్టిగా మూసుకున్నాను. నా ఒడిలో వెన్నెల ఇడ్లీ ముక్క మింగి, "ఖ్ఖూం" అని గొంతు సవరించుకుంది. రైలుపెట్టెలో అందరినీ ఒకసారి కలయజూసింది. చేయి పైకెత్తి, అర్థంకాని భాషలో, ఊపిరి తిప్పుకోకుండా ఏదో పెద్ద సంగతి మొదలుపెట్టింది. చింతకాయలామె అది అయిపోయేదాకా వింది.

"ఏం సెప్తాందబ్బా ఇంత?"

"యాడెవురు సూడొచ్చినారక్కా, విమానం తనే నడిపినానని సెప్తా ఉంటాది" అంది సునంద నవ్వుతూ. "అచ్చం మా నాయన పోలిక."

ఆ మాటకు నేను ఏమీ కలపలేదు.