గున్‌వోర్ ఒంటికాలి బల్ల

నిమ్మకాయలతో నాకు మొన్నటిదాకా ఏ పేచీ లేదు. చేప మీద పిండుకునేదాన్ని, అంతే. ఇప్పుడు గాజుగిన్నెలో అందంగా పేర్చిన నిమ్మకాయలు కనబడితే చాలు, ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్పాలంటే మా పై అంతస్తు గున్‌వోర్ గురించి, ఆమె పక్కబల్ల గురించి చెప్పాలి.

గున్‌వోర్ మా యేవ్లే ఊళ్ళో బడిపిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి. మాట తక్కువ. మా స్వీడన్ వాళ్ళకు కోపం వస్తే పిడికిలి బిగిస్తారు గానీ, జేబులో బిగిస్తారు. ఆ లెక్కన గున్‌వోర్ జేబులు ఎప్పుడో చిరిగిపోవాల్సింది. భర్త రూనె కారు నడపడం నేర్పే మాస్టరు. "అద్దం చూడు, పక్కకి చూడు, ఆ తర్వాతే కదులు" అని సగం ఊరికి నేర్పాడు. రిటైరయ్యాక నేర్పించుకోవడానికి గున్‌వోర్ ఒక్కతే మిగిలింది. పులుసు ఎటువైపు కలపాలో, కిటికీ ఎంత తెరవాలో ఆమెకు పాఠాలు మొదలయ్యాయి. వింటున్న నాకే చిర్రెత్తుకొచ్చేది.

ఆ బల్ల ఆమె పెళ్ళైన కొత్తలో కొన్నది. ఒక ముసలి రైతు పోతే, పెరట్లో సామాను వేలం వేస్తున్నారు. గుండ్రటి పలక, కింద ఒకటే కాలు, ఆ కాలికి కోడిపాదంలా మూడు వేళ్ళు. బిర్చి చెట్టు చెక్క, ముదిరి తేనె రంగు తిరిగింది. అందరూ నిలబడి బల్లను పైనుంచి చూస్తుంటే గున్‌వోర్ పాలక్యాను బోర్లించి దాని పక్కన కూర్చుంది. ముఖం అటు తిప్పుకుని చెయ్యి కిందికి వదిలింది. వేళ్ళు సరిగ్గా బల్ల అంచుకు తగిలాయి. వెంటనే కొనేసింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"దీని మీద ఒక్క కప్పు కంటే పట్టదే" అన్నాడట రూనె.

"ఒక్కటే చాలు. అది నాది" అందట ఈవిడ.

ఆ ఇంట్లో సోఫా ఇద్దరిది, మంచం ఇద్దరిది, కారు మాత్రం రూనెది. ఆమెదంటూ ఉన్నది ఆ బల్ల. కిటికీ దగ్గర, తన కుర్చీ చేతి కంటే వేలెడు కిందికి ఉండేలా వేసుకుంది. చూడకుండా చెయ్యి దించితే కప్పు అందాలి, అదీ ఆమె కొలత. బల్ల మీద ఒక ఇత్తడి దీపం, కళ్ళజోడు పెట్టుకోవడానికి చిన్న నీలం గిన్నె, మిగతాదంతా ఖాళీ. వసంతం వస్తే గిన్నె తీసి చిగురేసిన బిర్చి కొమ్మ పెట్టేది. డిసెంబరులో ఒక కొవ్వొత్తి.

"ఇంకో రెండు బొమ్మలు పెట్టరాదుటే, బోసిగా ఉంది" అన్నాను ఒకసారి.

"నిండా పెడితే అది బల్ల కాదే, అంగడి. కప్పుకి చోటు వదలాలి. పెద్ద సోఫా పక్కన వేసినా ఇది నప్పదు, ఆవు పక్కన కోడిపిల్లలా ఉంటుంది" అంది.

పోయిన శరదృతువులో రూనె కాఫీ పొడి ఎంత వెయ్యాలో నేర్పబోతే, గున్‌వోర్ చెంచా కింద పెట్టి విడిపోదామంది. అరుపుల్లేవు. కాఫీ తాగుతూనే మాట్లాడుకున్నారు. ఇల్లు అమ్మి చెరొక చిన్న ఇల్లు చూసుకోవాలని అనుకున్నారు.

"నాకు ఆ కుర్చీ, ఆ బల్ల చాలు. మిగతాదంతా నువ్వే ఉంచుకో" అంది గున్‌వోర్. రూనె సరేనన్నాడు. గుర్తుంచుకోండి, సరేనన్నాడు.

ఇల్లు అమ్మాలంటే ఇప్పుడు ముందు అలంకరించేవాళ్ళను పిలవాలి. ఏజెంటు యోసెఫిన్ అనే అమ్మాయిని పంపాడు. ఆమె వాళ్ళ పెళ్ళి ఫొటో దించింది, జెరేనియం పూల కుండీలు దాచింది, గోడలన్నిటికీ గంజి రంగు వేయించింది. ఎవరూ బతకనట్టు ఉంటేనే కొనేవాళ్ళు తాము బతకొచ్చని ఊహించుకుంటారట. ఈ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఆ రోజు గున్‌వోర్ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి కుర్చీ నేలమాళిగలో ఉంది, బల్ల లేదు.

రూనెని అడిగింది. గళ్ళనుడికట్టు నింపుతూ తల ఎత్తలేదు. "ఆ అమ్మాయే ఎక్కడో పెట్టుంటుంది. బల్ల ఎక్కడికి పోతుంది?" అన్నాడు. యోసెఫిన్ ఫోను ఎత్తలేదు. గున్‌వోర్ నేలమాళిగంతా వెతికింది, చెత్త గదిలో పాత పరుపులు తిరగేసింది. తర్వాత మా ఇంట్లో కూర్చుని మాట్లాడుతూ పక్కకి చెయ్యి దించింది. అక్కడేమీ లేదు. ఆ చెయ్యి చూసి నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అది నా కంటనే పడింది. మా పెరటికి అవతలి భవనంలో ఇంకో ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఇంటర్నెట్‌లో ఫొటోలు చూస్తుంటే, గంజి రంగు గోడ ముందు, బండ సోఫా పక్కన, గున్‌వోర్ బల్ల. దాని మీద గాజుగిన్నె, గిన్నె నిండా నిమ్మకాయలు.

ఆదివారం ఆ ఇల్లు అందరికీ చూపిస్తారు. ఇద్దరం వెళ్ళాం. గుమ్మం దగ్గర బుట్టలోంచి నీలం ప్లాస్టిక్ తొడుగులు తీసి బూట్లకు వేసుకున్నాం. లోపల యోసెఫిన్ పూలు సర్దుతోంది. బల్ల సోఫా చేతి కంటే ఎత్తుగా నిలబడి ఉంది. నిమ్మకాయల పక్కన ఎవరూ చదవని బూడిదరంగు పుస్తకాలు. కప్పుకి చోటే లేదు. గున్‌వోర్ కోటు జేబులో పిడికిలి ఉబ్బడం నేను చూశాను.

ఆమె నోరు తెరిచేలోగా వంటగదిలోంచి కొలిచే టేపు పట్టుకుని రూనె వచ్చాడు, కాళ్ళకి నీలం తొడుగులతోనే. తనకొక చిన్న ఇల్లు చూసుకుంటున్నాడు. బల్ల ముందు ఆగిపోయాడు.

"ఇదిగో, ఇల్లంటే ఇలా ఉండాలి గున్‌వోర్. ఎంత ముచ్చటైన బల్లో చూడు. మూలకి అందమే వచ్చేసింది. మనింట్లో ఇలాంటివి ఎప్పుడైనా పెట్టావా?" అని, యోసెఫిన్ వైపు తిరిగాడు. "ఎక్కడ దొరికిందమ్మా ఇది?"

ఆ అమ్మాయి తెల్లబోయింది. "మీరే ఇచ్చారు కదండీ. కిటికీ దగ్గరది ఏం చేయమంటారు, వేరే చోట వాడుకోనా అని అడిగితే, పాతదేగా పట్టుకుపో అన్నారు."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఇచ్చేశాడు, సరే. మనుషులు అలాంటి పనులు చేస్తారు. కానీ ఇచ్చింది ఏమిటో కూడా అతను చూడలేదు. పొరుగింట్లో నాలుగు నిమ్మకాయల కింద కనబడేసరికి ముచ్చటేసింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే. పక్కకి చూడండని ఊరందరికీ నేర్పిన మనిషి. నా చేతిలో గొడుగు ఉంది, దాన్ని గట్టిగా పట్టుకుని ఊరుకున్నాను.

"అదా ఇది? కాదే. అది ఇంకా చిన్నది" అన్నాడు రూనె.

గున్‌వోర్ పిడికిలి జేబులోంచి బయటికి వచ్చింది. కొట్టలేదు. ఆ చేతితోనే గిన్నెలోని నిమ్మకాయలు తీసి రూనె చేతుల్లో పెట్టడం మొదలుపెట్టింది. అతను పట్టుకున్నాడు. చేతులు నిండితే టేపు కింద పడేసి గుండెకు అదుముకున్నాడు.

"చిన్నది కాదు రూనె. నీ కుర్చీకి మూరెడు దూరంలో ఉండేది. రోజూ దాని మీదుగానే టీవీ చూశావు" అంది. గొంతు పెంచలేదు. "నన్ను కూడా పొరుగింట్లో పెట్టి పక్కన నిమ్మకాయలు పేరిస్తే కనబడేదాన్నేమో."

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా పైకప్పు వైపు చూశారు. ఏజెంటు కుర్రాడు పరుగెత్తుకొచ్చి, అలంకరణ సామాను ముట్టుకోకూడదండి అన్నాడు.

"ఇది అలంకరణ కాదు బాబూ, నాది" అంది. గిన్నెనూ పుస్తకాలనూ తీసి సోఫాలో పెట్టి, బల్లను చంకన పెట్టుకుని నడిచింది. నేను వెనకాలే. మెట్లు దిగి, కరుగుతున్న మంచులో పెరడు దాటుతుంటే కాళ్ళకు ఇంకా ఆ నీలం తొడుగులే ఉన్నాయి.

ఇప్పుడు గున్‌వోర్ రేవు దగ్గర ఒంటిగది ఇంట్లో ఉంటోంది. కుర్చీ, పక్కన బల్ల, బల్ల మీద దీపం, నీలం గిన్నె, కొంత ఖాళీ. నేను వెళ్తే నా కప్పు నా ఒళ్ళోనే.

పోయిన వారం నేనక్కడ ఉండగా రూనె ఫోను చేశాడు. పెరటికి అవతలి ఆ ఇల్లు అతనే కొన్నాడు. గొంతు నాకూ వినబడుతూనే ఉంది.

"ఆ మూల బోసిగా ఉందే గున్‌వోర్. ఏం పెట్టమంటావు?"

"నిమ్మకాయలు ఉన్నాయిగా" అంది గున్‌వోర్. ఫోను పెట్టేసి, కిటికీలోంచి పడవలను చూస్తూ చెయ్యి కిందికి దించి కప్పు అందుకుంది.