రాతి మీద నా పేరు

పెళ్లి మాటల్లోనే నన్ను పేరు మార్చుకోమన్నారు. పేరు నచ్చక కాదు, ఆ పేరు అప్పటికే ఆ ఇంట్లో ఉందట. మా ఆయన నాయనమ్మదీ అదే పేరు. ఆమె పోయి చాలా ఏళ్లయింది, హాల్లో ఫొటోకి దండ కూడా వేసేశారు, అయినా మా అత్తమ్మకు ఆమె అత్తగారే. అత్త పేరు నోటితో పలకడం వాళ్లింట్లో లేదు. ఆమె ఉన్నప్పుడూ లేదు, పోయాకా లేదు.

నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "టెన్త్ మెమో మీద ఉన్న పేరు, ఆధార్ మీద ఉన్న పేరు, మా అమ్మ ఏరి కోరి పెట్టుకున్న పేరు. ఎట్ల మారుస్తా? మార్చను" అన్నాను. పెళ్లి ఆగిపోతుందేమోనని మావాళ్లు హడలిపోయారు. ఆగలేదు. చివరికి తేలిందేమిటంటే, పేరు అలాగే ఉంటుంది, కానీ ఎవరూ దాంతో పిలవరు.

అలా నేను "కోడలు పిల్ల"నయ్యాను. మా ఆయన నాయనమ్మ ఒళ్లో పెరిగిన మనిషి. "ఆ పేరు పెట్టి పిలిస్తే నాయనమ్మను ఒసేయ్ అన్నట్టుంటది" అంటాడు. కాబట్టి ఆయనకు నేను "ఇగో". నేను కెమిస్ట్రీ చెప్పే ఇంటర్ కాలేజీలో "మేడమ్". భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న మా పుట్టింటికి పోతే పేరు పెట్టి పిలుస్తారు, నిజమే. కానీ సత్తుపల్లి దగ్గర కాపురం పెట్టి, కాలేజీలో పాఠాలు పెట్టుకుని, పుట్టింటికి ఊరికే పోతానా ఏంటి?

ఇంక మిగిలింది కంప్యూటర్ ఆట. మా ఆయనే నేర్పాడు, తర్వాత బాధపడ్డాడు. అదో పెద్ద లోకం. కోటలు, అడవులు, రాక్షసులు, అందరూ ఎక్కడెక్కడో కూర్చుని ఒకేచోట ఆడతారు. కొట్లాడిన కొద్దీ, చెప్పిన పని చేసిన కొద్దీ లెవెల్ పెరుగుతుంది. అందులో మిగతావాళ్లంతా చీకటి రాజులూ మంటల డేగలూ అని పేర్లు పెట్టుకుంటే, నేను నా అసలు పేరే పెట్టుకున్నాను. మా జట్టు లీడర్ కూసుమంచి వైపు ఒక బ్యాంకులో పనిచేసే అతను. మామూలప్పుడు "అక్కా, అక్కా" అంటాడు. కొట్లాట మొదలైతే అక్కలూ అన్నలూ ఉండరు, మైకులో పేరు పెట్టి అరవాల్సిందే. దెబ్బలు తిన్నవాళ్లకు ప్రాణం పోసే పని నాది కనుక మా జట్టులో అందరికంటే ఎక్కువ అరిచే పేరు నాదే. ఆ గొడవలో ఎక్కడో ఒక గొంతు నా పేరు పిలుస్తుంటే ఒళ్లు పులకరించేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సగం ఆట అందుకే ఆడేదాన్ని.

ఆ ఎండాకాలం సెలవుల్లో ఆటలో కొత్త దేశం తెరిచారు. ఆఖరి లెవెల్ ఇంకా పైకి జరిగింది. అందరికంటే ముందు ఆ లెవెల్ అందుకున్న జట్టువాళ్ల పేర్లు కోట గుమ్మం పక్కన రాతి పలక మీద చెక్కుతారట. ఆ ఆట ఉన్నన్నాళ్లు చెరగవట. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఇంటి ముందు పలక మీద ఉన్నది మా ఆయన పేరు. పామాయిల్ తోట గేటు మీద మా మామగారి పేరు, ఆయన పోయాక కూడా. నా పేరు ఎక్కడో ఒకచోట, నలుగురూ చూసే రాతి మీద ఉండాలి. అంతే. ఇంకేం అక్కర్లేదు.

ఇక చూడండి మా ఉరుకులు! మా ఆయన ట్రాక్టర్ షోరూంలో ఒంట్లో బాగాలేదని చెప్పి సెలవు పెట్టాడు. హాల్లో రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టుకున్నాం. కొత్త దేశం ఎంత అందంగా ఉందో మాకు తెలియదు, ఎందుకంటే మేము చూడలేదు. వాగులు దాటాం, ఏ వాగో తెలియదు. ఎవరు ఏ కథ చెప్పబోయినా టక్కున బటన్ నొక్కి దాటేసేవాళ్లం. తినేది పులిహోర, మూడుపూటలా పులిహోర, చేత్తో తింటే మౌస్ జిడ్డవుతుందని చెంచాతో.

మా అత్తమ్మ వెనక పీట వేసుకుని చిక్కుళ్లు ఒలుస్తూ సినిమా చూసినట్టు చూసేది. ఆటలో ఒకచోట ముసలామె ఒకతె ఏదో చెప్పబోతుంటే నేను నొక్కేశాను.

"ఆ ముసలామె ఏడుస్తుంటే గట్ల ఉరుకుతవేందే? ఏమయిందో ఇనవా?" అంది.

"మేక పోయిందంట అత్తమ్మా. తెచ్చిస్తే సరిపోద్ది."

"ఏ మేక? ఎట్ల పోయింది?"

"ఏమో. ఇంటే టైం పోతది."

"మేకను తెచ్చేటోళ్లకు మేక సంగతి తెల్వదు. బాగుంది!" అని చిక్కుళ్ల గిన్నె తీసుకుని లోపలికి పోయింది. మళ్లీ కాసేపటికి వచ్చి కూర్చుంది. మేక దొరికిందో లేదో ఆమెకే పట్టింది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మాకు దగ్గర్లో బొగ్గు ఓపెన్‌కాస్ట్ గని ఉంది. మధ్యాహ్నాలు సైరన్ కూస్తుంది, కాసేపటికి బ్లాస్టింగ్ జరుగుతుంది, వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి. మాది పాత స్లాబు. ఒకసారి పైనుంచి పెచ్చు ఊడి ఖాళీ మంచం మీద పడింది. అప్పట్నుంచి సైరన్ కూస్తే చాలు, మా అత్తమ్మ పొయ్యి ఆపేసి వాకిట్లోకి వచ్చేస్తుంది. మా వీధిలో అందరిదీ అదే అలవాటు. రోడ్డు మీద నిలబడి, ఆ నాలుగు నిమిషాల్లో ఊరి కబుర్లన్నీ చెప్పుకుని, ఢామ్మన్నాక ఎవరింట్లోకి వాళ్లు పోతారు. ఇక్కడ పుట్టినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్లే లేస్తాయి. అడవి పక్క నుంచి వచ్చిన నా కాళ్లకు ఆ బుద్ధి రాలేదు. ఇంట్లో ఉన్న రోజుల్లో "కోడలు పిల్లా, బయటికి రా" అని పిలిస్తే గానీ కదలను.

చివరికి ఆఖరి కొట్లాటకు వచ్చాం. నిప్పుల కొండ మీద ఒక పెద్ద భూతం ఉంది, దాన్ని పడగొడితే ఆఖరి లెవెల్. ఇంకో జట్టు కూడా అప్పుడే లోపలికి పోయిందని లీడర్ చెప్పాడు. ఆ పొద్దున్నే మా ఆయన హెడ్‌ఫోన్ వైరు తెగింది. కొత్తది కొనే టైం ఎక్కడిది? తన కంప్యూటర్‌ను టీవీ పక్కనున్న పెద్ద స్పీకర్లకు తగిలించాడు. కత్తుల చప్పుళ్లు వీధి చివరి దాకా వినపడుతున్నాయి. ముందు నిలబడి దెబ్బలు కాసేది మా ఆయన, వెనక నుంచి ఆయన ప్రాణం నిలబెట్టేది నేను. భూతం సగం పైగా అయిపోయింది. రాతి మీద అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి నాకు.

అప్పుడు మోగింది. ఆ కొండ పగిలేముందు కోట కావలివాళ్లు కొమ్ము ఊదుతారని మాకేం తెలుసు? ఎవరూ అంతదాకా పోయింది లేదు. ఆ పెద్ద స్పీకర్లలోంచి సాగదీసిన కూత, అచ్చం మా సైరనే. మా ఆయన మౌస్ వదిలేశాడు. లేచాడు. నా వైపైనా చూడకుండా, చెప్పులు వేసుకుని, నడుచుకుంటూ వాకిట్లోకి వెళ్లిపోయాడు! ఏమంటాం చెప్పండి? ప్రపంచంలో ఏ జట్టులోనైనా ఇలాంటి ఘనకార్యం జరిగి ఉంటుందా?

నాకు మాత్రం అది ఆట చప్పుడేనని తెలుస్తూనే ఉంది. నేను కదల్లేదు. మా ఆయన బొమ్మ నిలబడి తన్నులు తింటోంది, ప్రాణం పోస్తూనే ఉన్నాను. స్పీకర్లో లీడర్ గొంతు చించుకుని నా పేరు అరుస్తున్నాడు. మళ్లీ, మళ్లీ, నా పేరే. ఇంకాస్త. ఇంకాస్త ఆగితే ఆయన తిరిగొస్తాడేమో.

వాకిట్లోంచి మా అత్తమ్మ పిలిచింది. "కోడలు పిల్లా!" నేను పలకలేదు. మళ్లీ పిలిచింది. పలకలేదు. అప్పుడు కొమ్ము రెండోసారి కూసింది, ఇంకా గట్టిగా. మా అత్తమ్మ గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చి, నేను స్లాబు కిందే కూర్చుని ఉండటం చూసి, వీధి దద్దరిల్లేలా నా పేరు పెట్టి అరిచింది.

కోడలు పిల్ల కాదు. నా పేరు. మా అమ్మ పెట్టింది.

ముందు స్పీకర్లో ఒక గొంతు, వెనక గుమ్మంలో ఒక గొంతు, రెండూ నా పేరే పిలుస్తున్నాయి. నేను లేచాను. ఆమె నా రెక్క పట్టుకుని బరబరా బయటికి లాక్కుపోయింది. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది.

వీధిలో అందరూ వచ్చేశారు. నిలబడ్డారు. చూస్తున్నారు. ఎంతసేపటికీ ఏమీ పేలలేదు. "పొద్దుగాలే పెట్టిండ్రేంది ఇయ్యాల?" అంది ఎదురింటామె. మా ఆయన ముఖంలో రంగులు మారాయి. "అయ్యో, అది మన స్పీకరే!" అని నెత్తి కొట్టుకుని లోపలికి పరిగెత్తాడు. అప్పటికే మా జట్టంతా నేల మీద పడి ఉంది.

మా అత్తమ్మకు అప్పుడు తట్టింది తానేం పలికిందో. గబగబా రెండు చెంపలూ వాయించుకుంది. హాల్లో ఫొటో ముందు నిలబడి, "తప్పయిపోయింది అత్తా, పిల్ల మీద స్లాబు పడుతదని భయపడ్డ" అని దండం పెట్టింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది. రాయి పోయిందని కాదు.

రాయి మీద ఆ రెండో జట్టు పేర్లు పడ్డాయి. మా లీడర్ ఒక పూట మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి ఒకటే నవ్వు. మైకు తెరిచే ఉందట, మా ఇంటి భాగోతమంతా అక్కడికి వినపడిందట. "మీ అత్తమ్మ గొంతు ముంగట నా గొంతు ఏం పనికొస్తదక్కా" అన్నాడు. ఆ తర్వాత మేం కూడా నిదానంగా ఆఖరి లెవెల్ అందుకున్నాం. వెనక్కి పోయి ముసలామె మేక కథ కూడా విన్నాం, మా అత్తమ్మ పోరు పడలేక.

ఆమె మళ్లీ కోడలు పిల్లా అనే అంటుంది. ఒకసారి అడిగాను కూడా. "ఇంకోసారి పిలువు అత్తమ్మా." "పోవే, నీకేం పనిలేదు" అంది.

అందుకే ఇప్పుడు ఇంట్లో ఉన్న రోజు మధ్యాహ్నం సైరన్ కూసినప్పుడు నేను వెంటనే లేవను. పేపర్లు దిద్దుతున్నట్టు తల వంచుకుని కూర్చుంటాను. వాకిట్లోంచి ఆమె పిలుస్తుంది, కోడలు పిల్లా, బయటికి రా. వినపడనట్టు ఉంటాను. మళ్లీ పిలుస్తుంది, ఈసారి తిట్టు కలిపి. అప్పటికీ లేవను. గుమ్మం దాకా అడుగుల చప్పుడు. ఆ తర్వాత నా పేరు వినిపిస్తుంది, వెంటనే రెండు చెంపల చప్పుడు. అప్పుడు లేచి వెళ్తాను.