బొంగు తెలిసే కాలు

మా నాయిన పని బొంగులతో పరంజా కట్టడం. కామాటిపురలో, వర్లిలో పాత బిల్డింగులకు రిపేరు వస్తే ఆయన్నే పిలిచేవాళ్లు. ఎంత ఎత్తయినా వట్టికాళ్లతోనే ఎక్కేవాడు. బొంగు ఎక్కడ పగిలిందో, తాడు ఎక్కడ వదులయిందో కాలివేళ్లే చెబుతాయనేవాడు. చెప్పులేసుకుని ఎక్కేవాళ్లను చూసి, కళ్లకు గంతలు కట్టుకున్నారని నవ్వేవాడు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి ఆగి, కుడి అరికాలు తిప్పి రాయి కోసం వెతకడం మొదలుపెట్టాడు. రాయి ఉండేది కాదు. వేళ్ల సందులో కరెంటు కొట్టినట్టు నొప్పి లేచేది. అక్కడి నరం లావెక్కిందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు.

వాపు తగ్గడానికని పాదం పైనుంచి, వేళ్ల మధ్యలో సూది వేశాడు. నాయిన నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజు చిట్లింది గానీ ఆయన మాత్రం మూలగలేదు. కొన్నాళ్లు నొప్పి లేదు. మెత్తటి చెప్పులు వేసుకోవాలని డాక్టరు చెప్పాడు కదా అని నేను ఆ సంతోషంలో ఫోరస్ రోడ్డు మీద ఒక జత కొనుక్కొచ్చాను.

"దొరకు చెప్పులొచ్చినయ్. ఇగ గుర్రబ్బండి గూడ తెప్పియ్యి," అంది అమ్మ.

"నువ్వే ఏస్కోని మహారాణి లెక్క తిరుగు పో," అన్నాడు నాయిన. చెప్పులు డబ్బాతో సహా మంచం కిందికి పోయాయి.

నొప్పి మళ్లీ వచ్చింది. మళ్లీ సూది, మళ్లీ నొప్పి. ఇక నిద్ర కూడా కరువైంది. చివరికి ఆ నరాన్నే చంపే మందు ఎక్కిస్తానన్నాడు డాక్టరు. నొప్పి పోతుంది, ఆ వేళ్ల దగ్గర స్పర్శ కూడా పోవచ్చు అన్నాడు. నాయినకు హిందీ నాకంటే బాగా వచ్చు. అయినా నావైపే తిరిగాడు.

"అడుగు బిడ్డా. నొప్పిని సంపి, బొంగు తెలిసేదాన్ని ఉంచనీకి రాదా అని."

నేను చేతులు తిప్పుతూ పరంజా సంగతంతా చెప్పాను. డాక్టరు ఓపిగ్గా విన్నాడు.

"రెండూ ఒకటే నరం బేటీ," అన్నాడు.

నాయిన తన కాలిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత బల్ల మీద చాపాడు.

నొప్పి పోయింది. అమ్మ మైసమ్మకు కొబ్బరికాయ కొట్టింది. ఇరుగుపొరుగుకు నేనే పంచాను.

అప్పుడు మేముండే ఒంటిగదుల బిల్డింగుకే, మా చాల్‌కే రిపేరు నడుస్తోంది. గదుల బయటి వరండా, గ్యాలరీ ముందు ఎవరో కట్టిన పరంజా ఉంది. ఒక పొద్దున నాయిన స్టూలు మీద కూర్చుని, కటకటాల సందులోంచి కాలు చాపి ఒక బొంగు మీద పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

"బిడ్డా, జర సూడు. యేళ్లు బొంగు మీద ఆనినయా?"

నేను వంగి చూశాను.

"ఆనినయ్ నాయినా. తాడు ముడి మీదనే ఉన్నయ్."

ఆయన ఇంకాసేపు కళ్లు తెరవలేదు. తర్వాత మెల్లగా కాలు లోపలికి తీసుకున్నాడు.

"మంచం కింద ఆ డబ్బా ఉన్నది గద," అన్నాడు. "తే, తొడుగు."