మామయ్య దాచిన కవర్లు

పోయిన మంగళవారం పొద్దున మా మామయ్య పోయారు. మా అమ్మకు తమ్ముడు. చింతాద్రిపేటలో మా పక్క వాటాలోనే ఒక్కరూ ఉండేవారు. కాఫీ ఇద్దామని తలుపు తోశాను, అంతే. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే నేను చేసిన పనే ముందుకొస్తోంది. మీతోనైనా చెప్పుకోకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

తపాలా శాఖలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం ఆయనది. చేతికి ఏ కవరొచ్చినా ముందు దానిమీద ముద్ర చూసేవారు, ఆ తర్వాతే రాసిందెవరన్నది. పెళ్లి పిలుపొచ్చినా అంతే. పెళ్లెవరిదని అడిగితే తెల్లమొహం వేసేవారు, ఏ పోస్టాఫీసు నుంచి వచ్చిందో మాత్రం టక్కున చెప్పేవారు. మూతపడిన చిన్న చిన్న పోస్టాఫీసుల ముద్రలున్న కవర్లు ట్రంకుపెట్టె నిండా దాచారు. "తపాలా బిళ్ల ఎవురైనా కొనుక్కుంటారు పాపా. ముద్ర అట్ల కాదు. ఆ పొద్దు ఆడ పడిందంతే, మళ్లా పడదు" అనేవారు. నేను ఊఁ కొట్టేదాన్ని. విన్నదెక్కడ, నా బొంద.

వాటిని తపాలా బిళ్లల మ్యూజియంలో పెట్టించాలని ఆయన కోరిక. పిల్లాజెల్లా లేని మనిషికి ఉన్న కోరికల్లా అదే. కంటి ఆపరేషనుకి ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వచ్చేసరికి అంతా సిద్ధం చేసిపెడదామని నేను కవర్లన్నీ బేసిన్లో నానబెట్టాను. బిళ్లలు ఊడదీసి, పాత పేపర్ల మీద ఆరబెట్టి, కొత్త ఆల్బంలో వరసగా అంటించాను. చీకిపోయిన కవర్లు చెత్తబండిలో వేశాను. రెండు రోజులు నడుం విరిగేలా చేశాను ఆ ఘనకార్యం.

మామయ్య ఇంటికొచ్చి ఆల్బంలో ఒక్కో పేజీ తిప్పారు. "బాగుండాది పాపా" అన్నారు. పిచ్చిదాన్ని, పొంగిపోయాను.

ఆ ఆల్బం పట్టుకుని మ్యూజియంకి నన్నూ తీసుకెళ్లారు. అద్దాల వెనక టపా మోసినవాళ్ల గజ్జెల ఈటెలు, తుప్పుపట్టిన పోస్టు డబ్బాలు, ఎవరెవరివో కవర్లు. ఒక్కో కవరు ముందు ఆగి ముద్ర పైకి చదువుతూ నడిచారు. అక్కడి ఆఫీసరమ్మ ఆల్బం తిరగేసి, ఈ బిళ్లలు మా దగ్గర బోలెడున్నాయి, ముద్ర పూర్తిగా ఉన్న కవర్లయితే తీసుకుంటాం, అవెక్కడ అని అరవంలో మర్యాదగానే అడిగింది. అప్పుడర్థమైంది నాకు. మామయ్య నావైపు చూడకుండా, వరద నీళ్లలో నానిపోయాయమ్మా అని చెప్పారు.

బయటికొచ్చి నాకు టీ ఇప్పించారు. కళ్లకి ఎండ తగులుతోందని నల్లద్దాలు పెట్టుకున్నారు. తప్పయిపోయింది మామయ్యా అందామనుకుంటూనే టీ తాగేశాను. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రెండేళ్లు గడిపేశాను. ఆయన ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు.

నిన్న ఆ ఆల్బం తెరిచాను. ఊడదీసిన బిళ్ల మీద ముద్రలో పావువంతే మిగులుతుంది. తక్కిన ముప్పావూ ఆల్బం కాగితం మీద మామయ్య పెన్సిలుతో గీసి పూర్తిచేశారు. గుండ్రటి గీత, లోపల పోస్టాఫీసు పేరు. పేజీ తర్వాత పేజీ. ఇవి ఏ మ్యూజియానికీ పనికిరావు, అది ఆయనకీ తెలుసు. మొదట్లో అక్షరాలు పొందికగా ఉన్నాయి. పోనుపోను వంకర్లు తిరిగాయి. ఆఖరి పేజీల్లో ఉత్త గుండ్రాలే. లోపల ఏదో రాసి తుడిచి, మళ్లీ రాసి తుడిచి, కాగితం చిరుగుపట్టింది. ఆ పేర్లు ఆయనకి గుర్తురాలేదు. నాకు తెలియవు.