రెండో వరస పిన్నులు

పద్నాలుగో పిన్ను ఊడి వచ్చేసరికి ఆమె చేయి ఆగింది. సన్నమూతి స్క్రూడ్రైవరుతో పిన్నును కొద్దిగా పైకి లేపడం, పట్టకారుతో పట్టి లాగడం, రేకు డబ్బాలో పడేయడం. ఇరవై ఏళ్లుగా రోజూ చేసే పనే. కానీ ఈ మోటార్‌సైకిల్ సీటు అడుగున పిన్నుల రంధ్రాలు రెండు వరసలున్నాయి. అంటే పైనున్న రెక్సిన్‌ను ఎవరో ఇదివరకే విప్పి మళ్లీ బిగించారు. బండి అమ్మేవాడు మాత్రం సీటు మీద ఎవరి చెయ్యీ పడలేదని, కొన్ననాడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందని చెప్పాడు.

"చెప్తాడు, ఎందుకు చెప్పడూ" అని గొణుక్కుని పదిహేనో పిన్ను కింద స్క్రూడ్రైవరు దూర్చింది.

ఆ చుట్టుపక్కల ఆమెను అందరూ సీట్లక్క అంటారు. బళ్ల సీట్లు కుడుతుంది. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. పాత సీటు విప్పడం, ముక్కల్ని కాగితం మీద పరిచి గీసుకోవడం, కుట్టడం, కుదరకపోతే విప్పి మళ్లీ కుట్టడం, అలా పట్టుబడిన విద్య. సీటు చూసి దాని మీద కూర్చున్న మనిషి గురించి సగం చెప్పేస్తుంది. మిగతా సగం ఆ మనిషి చెప్పినా నమ్మదు.

ఈ నమ్మకపోవడం పుట్టుకతో వచ్చింది కాదు. పద్నాలుగేళ్ల కిందట ఆమెకు ఒక మోటార్‌సైకిల్ ఉండేది. కుట్టిన సీట్లు వెనక కట్టుకుని తానే తీసుకెళ్లి ఇచ్చి వచ్చేది. అది పాతబడితే, వరసకు బావ అయ్యే ఒకాయన తన బండి అమ్మాడు. మనవాళ్ల బండే కదా అని కళ్లు మూసుకుని తీసుకుంది. దాని ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వంగి ఉందని, పైన రంగు వేసి కప్పేశాడని, మూడో రోజు మలుపులో బండి ఎడమకు లాగి ఆమెను రోడ్డు మీద పడేశాకగాని తెలియలేదు. ఎడమ మణికట్టు విరిగింది. లోపల స్టీలు పలక వేశారు. చేత్తో బతికే మనిషికి ఆరు నెలలు చెయ్యి లేదు. ఆ తర్వాత బండి జోలికి పోలేదు. అన్నేళ్లూ సీట్లు మోసుకుని బస్సెక్కడం, ఇది సామానా మనిషా అని కండక్టరు దెప్పితే పడటం.

ఈమధ్య ఊరి చివర రెండు గ్యారేజీల వాళ్లు పని ఇస్తామన్నారు, కాకపోతే వచ్చి తీసుకెళ్లాలి. బస్సు అటు పోదు. అలా మళ్లీ బండి మాట వచ్చింది.

ఈ బండి గడియారాలు బాగుచేసే ఆయనది. ఇరుకు గది, అద్దాల బల్ల, దాని వెనక ఎత్తు స్టూలు మీద కంటికి భూతద్దం బిగించుకుని ఆయన. వయసులో ఆమెకన్నా పదేళ్లు పెద్ద ఉంటాడు. మొదటిసారి వెళ్లినప్పుడు తాళంచెవి బల్ల మీదికి తోసి, బండి వెనక సందులో ఉందని, వెళ్లి చూసుకోమని అన్నాడు. కూర్చున్న చోటునుంచి కదల్లేదు. అమ్మేవాళ్ల సంగతి ఆమెకు తెలుసు. ట్యాంకు తుడుస్తూ, హారన్ కొట్టి చూపిస్తూ, కొనేవాడి మోచేతికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా తిరుగుతారు. ఈయనేమో పెళ్లికూతుర్ని చూపించి పక్కగదిలోకి వెళ్లిపోయినట్టు చేశాడు. అమ్మేవాడు బండి పక్కన నిలబడటం లేదంటే ఏదో ఉన్నట్టే అనుకుంది.

ఉంది కూడా. కుడి పక్కన కాలు పెట్టే రాడ్డు ఉండాల్సినదానికన్నా పైకి ఉంది. దాని మొదట్లో అతుకు మచ్చ. బ్రేకు పెడలు పైకి వంగి ఉంది. కుడివైపు గట్టిగా పడిన బండి ఇలాగే ఉంటుంది. ఇంకోసారి వెళ్లి, రెండు చక్రాల పక్కగా దారం బిగించి చూసింది. బావగారి బండి నేర్పిన పాఠం అది. దారం రెండు టైర్లనూ తిన్నగా రాసుకుంటూ పోయింది. ఫోర్కు గీత గీసినట్టుంది. పడిన బండికి ఫోర్కు అంత తిన్నగా ఎలా ఉంటుంది? అనుమానం తీరకపోగా ఇంకాస్త ముదిరింది.

మూడోసారి ఎక్కి నడిపింది. పద్నాలుగేళ్ల తర్వాత. గేరు వేసే కాలికి దారి గుర్తుంది. క్లచ్ పట్టిన ఎడమ చెయ్యి మాత్రం కొత్తకోడలిలా బిగుసుకుంది. సందు చివరిదాకా వెళ్లి తిరిగేసరికి ఒంట్లో ఆ పాత భయం లేచింది. బండి ఎడమకు లాగుతోంది. ఒళ్లు అటే జారుతోంది. ఆపి దిగి, మళ్లీ దారం కట్టింది. తిన్నగానే ఉంది.

ఇక మిగిలినవి రెండే. లాగుతున్నది సీటన్నా కావాలి, లేదా ఆమె చెయ్యన్నా కావాలి. సీటైతే బాగుచేసుకోవచ్చు. చెయ్యైతే ఈ బండే కాదు, ఏ బండీ ఈ జన్మకు లేదు.

అందుకే సీటు విప్పి చూడనిదే కొనేది లేదంది. ఆయన కుదరదన్నాడు. ఎందుకని అడిగితే చేతిలో గడియారం వైపు చూశాడు. నాలుగు రోజులు గడిచాక, కొన్నా కొనకపోయినా శనివారం సాయంత్రానికి ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చిపెట్టాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు. ఆ సీటే ఇప్పుడు ఆమె ఒళ్లో ఉంది.

చివరి పిన్ను తీసి రెక్సిన్ ఒలిచేసరికి భర్త బేకరీ పని ముగించుకుని వచ్చాడు. కనుబొమల మీద ఇంకా పిండి ఉంది. గడపలోనే ఆగి, లోపల శవమేమైనా దొరికిందా అని అడిగాడు.

"కోత దొరికింది. ఇలా రండి, చూడండి."

"నువ్వు పాలు పొంగినా ఎవరు పొంగించారని అడిగే మనిషివి. నీకు దొరక్క నాకు దొరుకుతుందా?"

అయినా వచ్చి చూశాడు. లోపలి స్పాంజికి ఎడమ అంచును రెండు వేళ్ల మందం కోసేశారు. కుడివైపు వేరే ముక్క అతికించారు. బయటి అంచున మందంగా ఉండి, లోపలికి వచ్చేకొద్దీ పలచబడి, ఎక్కడ కలిసిందో కూడా తెలియనంతగా కలిసిపోయింది. మొదట ఆమెకు ఒళ్లు మండింది. పడింది, సీటు చిరిగింది, అతుకేసి కప్పారు, మళ్లీ అదే బావగారి కథ. కానీ కోత మీద వేలు పోనిచ్చేసరికి కోపం తడబడింది. కప్పిపుచ్చేవాడు ఇంత ఓపిగ్గా చెయ్యడు. కప్పిపుచ్చే పని ఎప్పుడూ పైపైనే ఉంటుంది. ఇది ఎవరూ చూడని చోట చేసిన పని.

సీటును బల్ల మీద పెట్టి భర్తను కూర్చోమంది. కూర్చున్నాడు.

"ఎడమకు ఒరిగిపోతున్నానే. ఇదేం సీటు, ఒక పక్క కాలు లేనివాడికి చేసినట్టుందీ."

ఆమె మనసులో లెక్కపెట్టుకుంది. కుడి రాడ్డు పైకి, పెడలు పైకి, కుడి తుంటి కింద ఎత్తు. ఎడమ కాలు నేలకు అందేలా అటు కోత. ఒక్కొక్కటే చూస్తే దెబ్బ తిన్న బండి. అన్నీ కలిపి చూస్తే ఒక మనిషి. మూడుసార్లు వెళ్లింది, నాలుగు రోజులు వాదించింది. ఆయన నిలబడగా ఒక్కసారీ చూడలేదు.

శనివారం మధ్యాహ్నం సీటును ఎప్పటిలా బిగించి బస్సులో పట్టుకెళ్లింది. ఆయన తలకిందులుగా తిప్పి చూశాడు.

"పాత రంధ్రాల్లో పిన్ను నిలవదు. మూడో వరస కొట్టాను, ముందే చెప్తున్నా" అంది.

ఆయన తలూపాడు. ఆమె కళ్లు స్టూలు మీదికి పోయాయి. కుడివైపు మడతపెట్టిన పాత గుడ్డ, దాని కింద రెండు అట్టముక్కలు. ఇంక ఆగలేకపోయింది.

"అన్నా, ఒక్కసారి లేచి నిలబడతారా?"

గోడ మీది గడియారాలు తలా ఒక టైమ్ చూపిస్తూ కొట్టుకుంటున్నాయి. ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. రెండు చేతులూ ఆనించి లేచాడు. కుడికాలు నేలకు మూడు వేళ్ల ఎత్తున ఆగిపోయింది.

"చూశారుగా. ఇదివరకు ఇద్దరొచ్చారు. సంగతి తెలియనంతవరకు అది మంచి బండి, తెలిశాక కుంటోడి బండి. ఒకడు నా మొహం మీదే నవ్వాడు. అందుకే మీకు చెప్పలేదు. ఇప్పుడు మీరేమంటారు?"

"అబద్ధం ఆడారంటాను. సీటు మీద చెయ్యి పడలేదన్నారు."

"ఆడాను."

"ఆ కోత ఎవరిది?"

ఆయన కాసేపు ఆమెను అనుమానంగా చూశాడు, ఇదీ నవ్వడానికేనేమో అని. తనదేనన్నాడు. రాడ్డుకు అతుకు మాత్రం వెల్డింగ్ ఆయన వేశాడని, పక్కన కూర్చుని పట్టి చూపించి వేయించానని చెప్పాడు. ఆయన స్పాంజిపనికి వంక పెట్టలేకపోవడం ఆమెకు కాస్త చిరాకు తెప్పించింది. నేర్చుకున్న చోటేదని అడిగితే, ఎక్కడా లేదు, నా కాలే నేర్పిందన్నాడు.

అంత విన్నా ఆమె కొంటానని అనలేదు. మాటలదేముంది, బావగారూ బాగానే మాట్లాడాడు. రాడ్డూ పెడలూ మామూలు ఎత్తుకు తేవాలంటే మళ్లీ కోత, మళ్లీ అతుకు, అదెంతకాలం ఆగుతుందో అంది. ఆయన వంగి బల్ల అడుగునుంచి ఒక చెక్కపెట్టె లాగాడు. నూనె గుడ్డలో చుట్టిన పెడలు, దాని పక్కన రాడ్డు, మందుబిళ్లల డబ్బాలో మరలు. ప్రతిదానికీ దారంతో కట్టిన కాగితం ముక్క, ఏది ఎక్కడిదో చిన్న అక్షరాలతో. బండి కొన్ననాడు విప్పినవి. పదకొండేళ్లుగా తుప్పు చుక్క లేదు.

ఆమె ప్రతి మరనూ వెలుతురులో పెట్టి చూసింది. కాగితాలు చదివింది. పెట్టెకు మూత పెట్టి, ఇవి ఇప్పుడే మారుద్దాం, మార్చాక ఒకసారి నడిపి చూస్తానంది.

సందులో ఇద్దరూ గంటసేపు పనిచేశారు. ఆయన నేలమీద కూర్చుని మరలు బిగించాడు. ఆమె సీటు మళ్లీ విప్పి, అతికించిన ముక్కను సన్నని కత్తితో దానికి నొప్పి తెలియకూడదన్నట్టు వేరుచేసి పక్కన పెట్టింది. ఎడమ కోతకు సంచిలో తెచ్చుకున్న స్పాంజి అతికి, పైన రెక్సిన్ తాత్కాలికంగా కట్టింది. ఎక్కింది. క్లచ్ పట్టిన చెయ్యి ఈసారీ బిగుసుకుంది. సందు చివరిదాకా వెళ్లి, మలుపు తిరిగి, పెద్దరోడ్డు దాకా వెళ్లి వచ్చింది. ఒళ్లు ఎటూ జారలేదు. నమ్మలేక ఇంకోసారి వెళ్లింది. మలుపులో మణికట్టు నొప్పి పెట్టింది, కానీ చెయ్యి చెప్పినట్టే విన్నది. మూడోసారి వెళ్లినప్పుడు పరీక్ష సంగతే మరిచిపోయి గ్యారేజీల దాకా పోయింది. తిరిగొచ్చేసరికి ఆయన సందు మొదట్లో నిలబడి ఉన్నాడు.

"మీ బండి తీసుకుని పారిపోయాననుకున్నారా అన్నా?"

"అనుకున్నానమ్మా" అన్నాడు ఆయన, నిజంగానే.

కాగితాల మీద సంతకాలు అయ్యాయి. ఇక బండి లేకుండా ఎలా తిరుగుతారని ఆమె అడిగితే, మూడు చక్రాలది ఒకటి మాట్లాడుకున్నానని, కాలు పని ఏమీ ఉండదని చెప్పాడు.

వారం తర్వాత ఆమె ఆ బండి మీదే వచ్చి దుకాణం ముందు దిగింది. చేతిలో కాగితపు పొట్లం. ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఇందులో ఏం మెలిక ఉందని అడిగాడు. విప్పి చూసుకోమంది.

సీటులోంచి తీసిన ఆ స్పాంజిముక్కే. దానికి అడుగున గట్టి అట్ట వేసి, స్టూలు కొలతకు గుండ్రంగా పెంచి, పాత సీటు రెక్సిన్‌తోనే కుట్టింది. ఆయన కంటికి భూతద్దం బిగించుకున్నాడు. కుట్టు వెంబడి ఒక చుట్టు తిరిగి ఒకచోట ఆగాడు.

"ఇక్కడ మూడు కుట్లు వదిలేశారు."

"కూర్చున్నప్పుడు గాలి బయటికి పోవాలిగా. మొత్తం మూసేస్తే బుడగలా పొంగి కుట్టు పగులుతుంది."

ఆయన ఆ సందులో వేలిగోరు పెట్టి చూశాడు. బొటనవేలితో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని గాలి పోయే చప్పుడు విన్నాడు. తర్వాత లేచి, స్టూలు మీది గుడ్డా అట్టముక్కలూ తీసి కింద పడేసి, మెత్తను పరిచి కూర్చున్నాడు. ఆమె పక్కకు వంగి ఆయన భుజాలు రెండూ సమంగా ఉన్నాయో లేదో చూసుకుంది. ఉన్నాయి. హెల్మెట్ పెట్టుకుని బయటికి వచ్చింది.