సారాయి మంటలో పసుపు రంగు

నేను గిద్దలూరు దగ్గరి పల్లెలో బడి పంతులుగా ఉన్న రోజుల్లో అక్కడ దొంగను పట్టడానికి ఒక పద్ధతి ఉండేది. పళ్ళెంలో ఘాటైన సారాయి పోసి అంటిస్తారు. మంట నీలంగా, కనీకనపడకుండా లేస్తుంది. అనుమానం ఉన్నవాళ్ళు తలా ఒక ఇనుప చీల గుప్పిట్లో బిగించి ఉంచి, సోదె చెప్పే ముసలాయనకు ఇవ్వాలి. ఆయన దాన్ని పట్టకారుతో మంటలో పెడతాడు. మంట పసుపు రంగుకు తిరిగితే దొంగ దొరికినట్టే.

ఒక పెద్దరైతు ఇంట్లో ఆయన చంటికొడుకు వెండి మొలతాడు పోయింది. అక్కడ కూలికి వచ్చే క్రైస్తవ స్త్రీ ఇచ్చిన చీల పెట్టగానే మంట నిండా పసుపు రంగు కమ్మింది. దొంగ అని ముద్ర పడితే ఆమెను ఆ ఊళ్ళో ఎవరూ పనికి పిలవరు.

నేను ఊరుకోలేదు. చీలకు మందు పూశావని ముసలాయనను అందరి ముందర నిలదీశాను. ఆయన తీరిగ్గా చేతులు చాపాడు, సంచీ దులిపాడు. ఏమీ లేదు.

"ఏంది అయ్యవారూ, గోచీ కూడా విప్పి చూపీమంటావా?"

అందరూ నవ్వారు. ఆయన మోసగాడని రుజువు లేకుండానే నమ్మాను. అది నా మూఢనమ్మకం. దానివల్ల ఆమెకు కీడే జరిగింది; ముసలాయనలో మోసం లేదంటే ఆమే దొంగ అని ఊరు ఖాయం చేసుకుంది.

అప్పటికి గాని ఆమె చేతులు చూడాలని నాకు తట్టలేదు. వేళ్ళ సందుల్లో ఏదో తెల్లగా పేరుకొని ఉంది.

"పొద్దున ఏం పని చేసినావమ్మా?"

"చింతపండుకు ఉప్పేసి దంచినా అయ్యవారూ."

గుప్పిట్లోంచి చీలకు అంటిన ఆ ఉప్పులో సోడియం ఉంది. దాని పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉండదగిన మెట్లు కొన్నే. మంట వేడికి ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగురుతుంది. కిందికి దిగేటప్పుడు ఆ రెండు మెట్ల తేడా ఎంతో అంత శక్తినే వెలుగుగా విడుస్తుంది. సోడియానికి ఆ వెలుగు పసుపు. అదే వెలుగు బయటినుంచి తగిలితే ఎలక్ట్రాన్ దాన్ని మింగి పై మెట్టుకు పోతుంది. కాలేజీలో ఎండను గాజుతో రంగులుగా విడదీసి చూసినప్పుడు సరిగ్గా ఆ పసుపు చోటనే నల్లగీతలు చూశాను. సూర్యుడి మీది సోడియం మింగిన వెలుగు అది. సూర్యుణ్ణి కూడా దొంగ అందామా?

ఇదంతా వాకిట్లో చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. రైతు తల్లి మాత్రం చింతపండు ముద్దలు కడుతున్న చేతులతోనే లేచి వచ్చింది.

"ఆ చింతపండు నేనూ పిసికినా. నాకూ ఒక చీల ఇయ్యి నాయనా."

ముసలాయన తటపటాయించి ఇచ్చాడు. మంట పసుపైంది.

"అయితే నా మనవడి మొలతాడు నేనే కాజేసినా" అంది అవ్వ.

ఈసారి నవ్వు రైతు మీదికి పోయింది. కూలికి వచ్చినామె నవ్వలేదు. "ఉప్పని తేలింది. నేను తీయలేదని తేలిందా అయ్యవారూ?"

"లేదమ్మా. మంట చీల మీద ఏముందో చెబుతుంది. మొలతాడు ఎవరు తీసిందీ చెప్పదు."

ఆమె రైతు వైపు తిరిగింది. "అట్లయితే నువ్వే చెప్పు దొరా. దొంగ అన్నది నువ్వే గదా."

"నీ మీద రుజువు లేదులే. రేపు పనికి రా" అన్నాడు రైతు, నేల చూస్తూ.

"గోడవతల నిలబడినోళ్ళకు ఇనపడలే."

రైతు తలెత్తి, గొంతు పెంచి, ఆ మాట మళ్ళీ చెప్పాడు.